మొదటి పీసీ సొంతంగా కడుతున్నారా? ప్రాసెసర్ కూలర్ ఎంచుకునే పద్ధతి ఇదీ

పోయిన ఏడాది మే నెలలో విజయవాడలో ఉండే మా మేనల్లుడు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "మామయ్యా, అన్నీ బిగించేశాను, సైడ్ డోర్ మాత్రం పడట్లేదు" అన్నాడు. వీడియో కాల్ పెట్టమన్నాను. క్యాబినెట్ గాజు పలక ఒక మూల ఆనుకుని ఉంది, రెండో మూల పైకి లేచి ఉంది. లోపల నల్లటి జంట టవర్ కూలర్, అంటే రేకుల దొంతరలు రెండు పక్కపక్కన నిలబడి ఉండేది. దాని హీట్ పైపుల చివర్లు వెళ్లి గాజుకి తగులుతున్నాయి. కూలర్ ఎత్తు 160 మిల్లీమీటర్లు, క్యాబినెట్‌లో పట్టేది 155. నాకు ఇంకా బాధనిపించింది వేరే ఉంది. వాడు కొన్న ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-12400ఎఫ్. దాని డబ్బాలోనే కంపెనీ కూలర్ వచ్చింది. అది కవర్ కూడా విప్పకుండా టేబుల్ మీద పడి ఉంది.

నాలుగు నెలలు దాచుకున్న డబ్బు అది. అందుకే మొదటిసారి పీసీ కట్టుకునేవాళ్ల కోసం ఇది కూర్చుని రాస్తున్నాను. కూలర్ కొనేముందు మీకు తెలియాల్సినవి మూడే: మీ ప్రాసెసర్ నిజంగా ఎంత కరెంటు లాగుతుంది, మీ క్యాబినెట్‌లో ఎంత చోటు ఉంది, మే నెలలో మీ గది ఎంత వేడెక్కుతుంది. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుంటే ఏ కూలర్ కొనాలో దాదాపు తేలిపోతుంది. లైట్లు, రంగు, రివ్యూల్లో ర్యాంకు అన్నీ ఆ తర్వాతే.

అడుగుల్లోకి వెళ్లేముందు ఒక్క మాట. ఇంట్లో కూలర్ అంటే మనకు గుర్తొచ్చేది నీళ్లు పోసి, గడ్డి పలకలు పెట్టి కిటికీ దగ్గర నడిపేది. అందులో నీరు ఆవిరవుతూ గాలిలో వేడిని లాగేస్తుంది కాబట్టి బయటికి వచ్చే గాలి గది గాలి కంటే చల్లగా ఉంటుంది. ప్రాసెసర్ కూలర్ ఆ పని చేయలేదు. అది వేడిని మోసుకెళ్తుంది, అంతే. రాగి గొట్టాల్లో, అంటే హీట్ పైపుల్లో, కాస్త ద్రవం పోసి రెండు చివర్లూ మూసేసి ఉంటారు. ప్రాసెసర్ వైపు అది ఆవిరై పైకి వెళ్తుంది, అల్యూమినియం రేకుల దగ్గర వేడి వదిలేసి మళ్లీ ద్రవమై కిందికి చేరుతుంది. ఆ రేకుల వేడిని ఫ్యాన్ గాలిలోకి తోసేస్తుంది. ఆ గాలి ఎక్కడిది? మీ గదిది. కాబట్టి ఎంత ఖరీదైన కూలరైనా, గాలిదైనా నీటిదైనా, గది ఉష్ణోగ్రత కంటే కిందికి ప్రాసెసర్‌ని దింపలేదు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదటి అడుగు: ప్రాసెసర్ అసలు వాట్లు కనుక్కోండి

షాపు పేజీల్లో కనిపించే టీడీపీ అంకె, అంటే ప్రాసెసర్ వేడి ఎంతో కంపెనీ వాట్లలో చెప్పేది, దాని దగ్గరే ఆగిపోకండి. ఇంటెల్ ఐ5-12400కి 65 వాట్లు అని రాసి ఉంటుంది, కానీ అది బేస్ పవర్, మామూలు వేగంలో లాగేది. పూర్తి వేగం అందుకున్నప్పుడు దాని గరిష్ట టర్బో పవర్ 117 వాట్లు. ఐ5-14600కే చూడండి, బేస్ 125, టర్బో 181. ఐ9-14900కే బేస్ కూడా 125 వాట్లే, టర్బో మాత్రం 253. పేరుకి రెండూ 125 వాట్ల ప్రాసెసర్లే, కానీ పని మొదలుపెడితే మధ్యలో డెబ్బై వాట్ల తేడా. ఇంటెల్ సైట్‌లో ప్రతి ప్రాసెసర్ పేజీలోనూ మాక్సిమమ్ టర్బో పవర్ అని విడిగా ఉంటుంది. మీ కాగితం మీద రాసుకోవాల్సింది ఆ అంకె.

ఏఎండీ లెక్క వేరు. ఏఎం4, ఏఎం5 సాకెట్ల (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) రైజెన్‌లలో గరిష్ట పవర్ సాధారణంగా టీడీపీకి 1.35 రెట్లు ఉంటుంది. రైజెన్ 5 7600 టీడీపీ 65, గరిష్టం 88 వాట్లు. 7600ఎక్స్‌కి 105, గరిష్టం 142. రైజెన్ 9 7950ఎక్స్‌కి 170, గరిష్టం 230.

ఇప్పుడు మీరు చేసే పని ఏంటో చూసుకోండి. గేములాడేటప్పుడు ప్రాసెసర్ అన్ని కోర్లూ ఒకేసారి నూటికి నూరు శాతం పనిచేయడం అరుదు. రైజెన్ 7 7800ఎక్స్3డీ గరిష్టం 162 వాట్లు, కానీ గేముల్లో చాలావరకు వంద లోపే లాగుతుంది. అదే వీడియో ఎడిటింగ్, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్, పెద్ద పెద్ద కోడ్ కంపైల్ చేయడం లాంటివైతే గరిష్ట అంకెను గంటల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. గేములకి మాత్రమే అయితే కింద చెప్పే లెక్కలో ఒక మెట్టు దిగండి, రెండరింగ్ ఉంటే అసలు అంకె దగ్గరే ఉండండి.

నేను పాటించే లెక్క ఇది. గరిష్టం 90 వాట్ల లోపైతే డబ్బాలో వచ్చిన కూలర్‌తో పని నడుస్తుంది. 90 నుంచి 150 దాకా అయితే నాలుగు హీట్ పైపులు, ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న ఒంటి టవర్. డీప్‌కూల్ ఏకే400 లాంటివి ఈ కోవలోవి. 150 నుంచి 200 దాకా అయితే ఆరు పైపుల జంట టవర్, అంటే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ, డీప్‌కూల్ ఏకే620 లాంటివి. 200 దాటి, అదీ గంటల తరబడి నడిపేవాళ్లైతేనే 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ (పంపుతో ద్రవాన్ని తిప్పి, రేడియేటర్ దగ్గర వేడి వదిలే రకం) గురించి ఆలోచించండి.

కూలర్ డబ్బా మీద కూడా టీడీపీ అని ఒక అంకె వేస్తారు. ఏకే400కి 220 వాట్లు, ఏకే620కి 260 వాట్లు అని ఉంటుంది. ఒకే కంపెనీ కూలర్లలో ఏది పెద్దదో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ ఒక కంపెనీ అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చకండి, ఎవరి కొలత వారిది. నాక్టువా అయితే వాట్లలో చెప్పడం మానేసి తన సొంత రేటింగ్ ఇస్తుంది. డబ్బా మీద 220 ఉందని 200 వాట్ల ప్రాసెసర్‌కి ఒంటి టవర్ తగిలిస్తే ఎండాకాలంలో ఇబ్బంది పడతారు.

డబ్బా కూలర్‌ని తక్కువ చేయకండి

రైజెన్ 5 5600, 5600జీ, 7600 డబ్బాల్లో రైత్ స్టెల్త్ అనే చిన్న కూలర్ వస్తుంది. ఐ5-12400, 12400ఎఫ్ డబ్బాల్లో లామినార్ ఆర్ఎం1 వస్తుంది. ఇంటెల్‌లో పేరు చివర కే ఉన్నవాటికి, రైజెన్ 7000లో ఎక్స్ ఉన్నవాటికి డబ్బాలో కూలర్ ఉండదు. కొనేముందు మీ మోడల్‌కి ఉందో లేదో ఒకసారి సరిచూసుకోండి.

యాభై వేల బడ్జెట్‌లో కాలేజీ పిల్లలు కట్టే పీసీకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: ముందు డబ్బా కూలర్‌తోనే మొదలుపెట్టండి. మిగిలిన రెండు మూడు వేలు పెద్ద ఎస్ఎస్‌డీకో, మంచి ఎస్ఎంపీఎస్‌కో (పీసీకి కరెంటు అందించే పెట్టె) పెట్టండి. ఒక వేసవి గడిచాక శబ్దం భరించలేకపోతేనో, వేడి ఎక్కువైతేనో అప్పుడు టవర్ కొనుక్కోవచ్చు. కూలర్ ఎప్పుడైనా మార్చుకోగల వస్తువు. డబ్బా కూలర్‌లో అసలు కష్టం చాలాసార్లు శబ్దమే. ఫ్యాన్ చిన్నది కాబట్టి వేడి పెరిగేకొద్దీ గిర్రున తిరుగుతూ హోరెత్తిస్తుంది. ఒకే గదిలో చదువుకునేవాళ్లు, పడుకునేవాళ్లు ఉంటే ఆ రెండు మూడు వేలు పెట్టి టవర్ తీసుకోవడం న్యాయమే.

ఒక జాగ్రత్త. షాపులో "ట్రే ప్రాసెసర్ ఉంది, వెయ్యి రూపాయలు తక్కువ" అంటే, అది డబ్బా లేకుండా విడిగా అమ్మేది, అందులో కూలర్ రాదని గుర్తుపెట్టుకోండి. వారంటీ ఎవరిస్తారో కూడా అడిగి బిల్లు మీద రాయించుకోండి. కూలర్ ఖర్చు కలిపితే ఆ వెయ్యి మిగలదు.

రెండో అడుగు: కొలతలు

మా వాడు దెబ్బతిన్నది ఇక్కడే. క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో సీపీయూ కూలర్ హైట్ అనో, క్లియరెన్స్ అనో ఒక అంకె ఉంటుంది. కోర్సెయిర్ 4000డీలో 170 మిల్లీమీటర్లు, ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ హెచ్5 ఫ్లోలో 165. చిన్న మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్లలో ఇంకా తగ్గుతుంది. కూలర్ పేజీలో దాని ఎత్తు ఉంటుంది: ఏకే400 155, పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ 155, ఏకే620 160, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 165. క్యాబినెట్ అంకెలోంచి కూలర్ అంకె తీసేస్తే కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు మిగలాలి. సరిగ్గా సరిపోయిందంటే అది సరిపోలేదనే అనుకోండి. గాజు పలకకి రబ్బరు అంచు ఉంటుంది, కొన్నిసార్లు కూలర్ ఫ్యాన్ కాస్త పైకి జరుగుతుంది.

ఫ్యాన్ ఎందుకు పైకి జరుగుతుంది? ర్యామ్ వల్ల. టవర్ కూలర్ ముందు ఫ్యాన్ సాధారణంగా ర్యామ్ స్లాట్ల వైపు ఉంటుంది. మామూలు ర్యామ్ అయితే ఫ్యాన్ దాని పైనుంచి సర్దుకుంటుంది. లైట్ల ర్యామ్ ఎత్తుగా ఉంటుంది, జీస్కిల్ ట్రైడెంట్ జెడ్ ఆర్‌జీబీ 44 మిల్లీమీటర్లు. నాక్టువా ఎన్‌హెచ్-డీ15కి రెండు ఫ్యాన్లూ పెడితే దాని కింద పట్టే ర్యామ్ ఎత్తు 32 మాత్రమే. అప్పుడు ఫ్యాన్‌ని పైకి జరపాలి, జరిపినంత మేరా మొత్తం ఎత్తు పెరుగుతుంది, మళ్లీ డోర్ దగ్గరికే వచ్చి పడతారు. లైట్ల ర్యామ్ మీద మనసు పడితే, ర్యామ్ వైపు ఖాళీ వదిలేలా వెనక్కి వంచి చేసిన టవర్ తీసుకోండి, లేదా ఒంటి టవర్‌తో సరిపెట్టుకోండి.

లిక్విడ్ కూలర్ కొనేవాళ్లకి వేరే కొలత. రేడియేటర్ మందం సాధారణంగా 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ మందం 25. రెండూ కలిపి 52. క్యాబినెట్ పైకప్పుకీ మదర్‌బోర్డు పై అంచు మీదున్న హీట్ సింక్‌కీ మధ్య అంత చోటు ఉండాలి. 360 రేడియేటర్ పడుతుందని రాసి ఉన్నా, పైన పడుతుందా ముందు వైపు మాత్రమే పడుతుందా అన్నది విడిగా చూడాలి. ముందు వైపు పెడితే గ్రాఫిక్స్ కార్డుకి మిగిలే పొడవు తగ్గుతుంది.

ఇక సాకెట్. కొత్త కూలర్లలో చాలావాటికి ఇంటెల్, ఏఎండీ రెండింటి బ్రాకెట్లూ డబ్బాలోనే వస్తాయి కాబట్టి పెద్దగా టెన్షన్ లేదు. కానీ పాత కూలర్, ఎవరో వాడినది తీసుకుంటుంటే జాగ్రత్త. ఇంటెల్ 12వ తరంతో 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్‌కి బోర్డు రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు. అంతకు ముందున్న 1200, 115ఎక్స్ రకాలకి 75. మూడు మిల్లీమీటర్లే కదా అని పాత బ్రాకెట్‌ని బలవంతంగా లాగి బిగించకండి. 2024లో వచ్చిన ఎల్‌జీఏ 1851కి రంధ్రాల దూరం ఎల్‌జీఏ 1700దే, అదే బ్రాకెట్ సరిపోతుంది. ఏఎండీ ఏఎం5కి ఏఎం4 కూలర్లు చాలావరకు పడతాయి, కానీ ఒక షరతు ఉంది. ఏఎం5లో బోర్డు వెనక ఉండే లోహపు పలక ఊడదు. కూలర్ ఆ పలకనే వాడుకునే రకమైతే సరే, తన సొంత పలక అడిగే రకమైతే పడదు.

మూడో అడుగు: మీ గది వేడి

ఈ విషయం విదేశీ రివ్యూల్లో దొరకదు, మనకి మాత్రం చాలా ముఖ్యం. వాళ్లు ఏసీ గదిలో, ఇరవై నుంచి ఇరవై ఐదు డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఒక కూలర్ ఒక ప్రాసెసర్‌ని గది కంటే 45 డిగ్రీలు ఎక్కువలో నిలబెడుతుంది అనుకుందాం. గది 23 అయితే ప్రాసెసర్ 68. అదే కూలర్, అదే ప్రాసెసర్, మే నెల మధ్యాహ్నం మేడ మీద గదిలో 40 డిగ్రీలుంటే 85. కూలర్‌లో లోపం లేదు, గాలే వేడిగా ఉంది. రామగుండం, రెంటచింతల వైపు వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

పైన స్లాబు ఎండకి కాలే గదా, ఏసీ ఉందా, ఉన్నా పగలంతా వేస్తారా అని ఆలోచించండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద పీసీ నడిపే ఇళ్లలో ఏసీ ఆగిపోతుంది, పీసీ ఆగదు. అలాంటి గదైతే నేను పైన చెప్పిన మెట్లలో ఒక మెట్టు పైకి ఎక్కండి. ఒంటి టవర్ సరిపోయే చోట జంట టవర్ తీసుకోండి. ఏసీ గదిలోనే నడిపేవాళ్లు ఆ డబ్బు దాచుకోవచ్చు.

అయితే దానికంటే ముందు క్యాబినెట్ ముందు భాగం చూడండి. ముందంతా నున్నటి గాజు పలక, పక్కన వేలెడు సందు ఉన్న క్యాబినెట్‌లో ఎంత మంచి కూలరైనా లోపల తిరిగే వేడి గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి కూడా అక్కడే తిరుగుతుంది. ముందు జాలీ ఉన్న క్యాబినెట్, లోపలికి రెండు ఫ్యాన్లు, వెనక బయటికి ఒకటి ఉంటే మామూలు కూలర్ కూడా హాయిగా పనిచేస్తుంది. డబ్బు తక్కువగా ఉండి, కూలరా క్యాబినెటా అన్న ప్రశ్న వస్తే నేను క్యాబినెట్ వైపే ఉంటాను.

కిటికీ దగ్గర నీళ్ల కూలర్ వేసుకునే ఇళ్లలో దాని గాలి నేరుగా పీసీకి తగలనివ్వకండి. ఆ తడి గాలి దుమ్ముని రేకులకి అంటుకునేలా చేస్తుంది. ఆ ముద్ద బ్లోయర్‌తో కూడా సరిగ్గా పోదు.

నాలుగో అడుగు: గాలా, నీళ్లా?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మొదటి పీసీకి గాలి కూలరే తీసుకోండి. గాలి కూలర్‌లో చెడిపోయేది ఒక్క ఫ్యానే. అది పోతే బజార్లో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఏదైనా కొని క్లిప్పు పెట్టేయవచ్చు, రేకులూ పైపులూ ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. లిక్విడ్ కూలర్‌లో పంపు ఉంటుంది, గొట్టాలుంటాయి, లోపలి ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల గోడల్లోంచి కొద్దికొద్దిగా తగ్గుతుంది. అది పూర్తిగా మూసి ఉన్న వస్తువు కాబట్టి చాలా మోడళ్లలో మనం విప్పి నింపుకునే వీలుండదు, పంపు పోతే మొత్తం మార్చాల్సిందే. రెండు మూడు వేల రూపాయల టవర్ చేసే పనికి ఏడెనిమిది వేలు పెట్టి 240 లిక్విడ్ కూలర్ కొనేవాళ్లని చూశాను. ఐ5 ప్రాసెసర్‌కి వాళ్లకి వచ్చిన తేడా నాలుగైదు డిగ్రీలు. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెడితే గేములో కంటికి కనిపించేది.

లిక్విడ్ కూలర్ అవసరమైన వాళ్లూ ఉన్నారు. 14900కే మీద రోజంతా రెండరింగ్ చేసేవాళ్లు, చాలా చిన్న క్యాబినెట్‌లో టవర్ పట్టనివాళ్లు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా స్నేహితుడు ముహూర్తాల సీజన్లో పొద్దుట్నుంచి అర్ధరాత్రి దాకా ఎక్స్‌పోర్ట్‌లు పెడతాడు, అతనికి 360 కొనమని నేనే చెప్పాను. మీరూ కొంటుంటే రెండు విషయాలు చూసుకోండి. ఎన్నేళ్ల వారంటీ, లీకైతే పక్కనున్న పార్టులకి కూడా వర్తిస్తుందా. బిగించేటప్పుడు మొత్తం వ్యవస్థలో పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండకూడదు. లోపలున్న గాలి బుడగ ఎప్పుడూ ఎత్తైన చోటికే చేరుతుంది, అది పంపులో చేరితే బుడబుడ శబ్దం వస్తుంది, పంపు త్వరగా అరిగిపోతుంది. రేడియేటర్‌ని క్యాబినెట్ పైన పెట్టడం అన్నిటికంటే మేలు.

ఐదో అడుగు: కొనడం

హైదరాబాద్ దగ్గర్లో ఉన్నవాళ్లైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ, ఒకసారి వెళ్లి రండి. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో తెరిచి పెట్టుకుని మూడు నాలుగు షాపుల్లో అడగండి. నేరుగా వెళ్తే ఇంకో లాభం కూడా ఉంది, కూలర్‌ని చేతిలో పట్టుకుని చూడొచ్చు. ఫోటోలో చిన్నగా కనిపించే జంట టవర్ చేతిలోకి తీసుకుంటే దాదాపు కిలో బరువు తూగుతుంది.

డబ్బా విప్పినప్పుడు మీ సాకెట్ బ్రాకెట్, స్క్రూల కవర్లు, పేస్ట్ ట్యూబు (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్) ఉన్నాయో లేదో షాపులోనే చూసుకోండి. బేస్ మీద గీతలు, వంకర పోయిన రేకులు లేకుండా ఉండాలి. పీసీలో పడుతుందో లేదో అనుమానం ఉంటే, పడకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. మా మేనల్లుడి షాపువాళ్లు పెద్దమనసుతో మార్చి ఇచ్చారు. వాడు ఆ రాత్రికి డబ్బా కూలర్ బిగించి పీసీ నడుపుకున్నాడు, తర్వాతి వారం 150 మిల్లీమీటర్ల ఒంటి టవర్ తెచ్చుకున్నాడు, మిగిలిన డబ్బుతో ముందు వైపు రెండు ఫ్యాన్లు పెట్టించాడు.

ఆరో అడుగు: బిగించడం

వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి ప్రతి స్క్రూ గురించీ చెప్పను. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా తప్పే చోట్లు మాత్రం చెప్తాను.

కూలర్ బేస్ మీద పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని మీద తీసేయమని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కానీ అద్దంలా మెరిసే రాగి మీద అది కనిపించదు. గోటితో మూల దగ్గర గీకి చూడండి, కాస్త లేస్తుంది, మెల్లగా లాగేయండి. ఇది మర్చిపోతే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ప్లాస్టిక్ ఉండిపోతుంది, ఆన్ చేసిన నిమిషంలోనే తొంభై దాటేస్తుంది. బిగించిన వెంటనే ఎవరైనా "చాలా వేడెక్కుతోంది" అని ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఈ పొర గురించే.

పేస్ట్ బఠాణీ గింజంత చాలు, మధ్యలో పెట్టండి. ఏఎం5 ప్రాసెసర్‌కి మూలల్లో కూడా చిన్న చిన్న చుక్కలు పెట్టుకోవచ్చు. స్క్రూలని ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్లకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని రెండు మూడు చుట్లు చొప్పున మార్చి మార్చి బిగించండి. ఫ్యాన్ వైరు మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన నాలుగు పిన్నుల దగ్గరే పెట్టండి. వేరే చోట పెడితే ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, పీసీయే పాడైందేమోనని గుండె జారిపోతుంది. గాలి దిశ ముందు నుంచి వెనక్కి ఉండాలి. ఫ్యాన్‌కి అడ్డకమ్మీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది.

ఏఎం4 వాడేవాళ్లకి ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఎప్పుడైనా కూలర్ ఊడదీయాల్సి వస్తే నేరుగా పైకి లాగకండి. ఈ సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, పైన పట్టి ఉంచే చట్రం ఉండదు. పేస్ట్ గట్టిపడి ఉంటే ప్రాసెసర్ కూలర్‌కి అతుక్కుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. ముందు పీసీని పది నిమిషాలు నడపండి, పేస్ట్ వెచ్చబడి మెత్తబడుతుంది. ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు వదులు చేసి, కూలర్‌ని సీసా మూతలా కొంచెం కుడికీ కొంచెం ఎడమకీ తిప్పండి. పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి. ఏఎం5, ఇంటెల్ సాకెట్లలో చట్రం ఉంటుంది కాబట్టి ఈ భయం లేదు.

ఏడో అడుగు: సరిపోయిందో లేదో పరీక్షించండి

విండోస్ వేసుకున్నాక ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ప్రాసెసర్‌ని పూర్తి లోడ్‌లో నడిపే సినీబెంచ్ ఆర్23 రెండూ దించుకోండి, రెండూ ఉచితమే. గదిలో ఉష్ణోగ్రత ఎంతో రాసుకోండి. సినీబెంచ్ పది నిమిషాల పరీక్ష నడిపి, చివర్లో ప్రాసెసర్ ఎంత దగ్గర నిలబడిందో చూడండి. ఆ రెండింటి మధ్య తేడాయే మీ కూలర్ సత్తా. డిసెంబర్‌లో గది 26, ప్రాసెసర్ 72 ఉంటే తేడా 46. మే నెలలో గది 40 అనుకుంటే 86 దగ్గర ఉంటుంది. ఇంటెల్ ఐ5లకి హద్దు 100 డిగ్రీలు కాబట్టి పర్వాలేదు. 7800ఎక్స్3డీకి హద్దు 89. దానికి 86 అంటే అంచున ఉన్నట్టే.

రైజెన్ 7600ఎక్స్ లాంటివాటి విషయంలో కంగారు పడకండి. పూర్తి లోడ్‌లో 95 దాకా వెళ్లి అక్కడ నిలబడుతూ, ఆ హద్దులో ఎంత వేగం వస్తే అంత తీసుకునేలా ఏఎండీ వాటిని తయారుచేసింది. వాటికి ఉష్ణోగ్రత కాకుండా, వేగం పడిపోతోందా అన్నది చూడండి.

వేడి ఎక్కువనిపిస్తే కొత్త కూలర్ కొనేముందు బయాస్, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల స్క్రీన్, తెరవండి. చాలా మదర్‌బోర్డులు ఇంటెల్ ప్రాసెసర్లకి పవర్ హద్దుల్ని వాటంతట అవే ఎత్తేస్తాయి. ఎంఎస్ఐ బోర్డుల్లో అయితే డబ్బా కూలరా, టవర్ కూలరా, వాటర్ కూలరా అని అడుగుతుంది. తెలియక వాటర్ కూలర్ ఎంచుకుంటే హద్దు దాదాపు లేనట్టే. టవర్ పెట్టుకున్నవాళ్లు టవర్ అనే ఎంచుకోండి. ఏఎండీలో ఎకో మోడ్ ఉంటుంది. 105 వాట్ల 7600ఎక్స్‌ని 65 వాట్ల మోడ్‌లో పెడితే గేముల్లో తేడా చాలావరకు తెలియదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. పైసా ఖర్చు లేని పని ఇది.

ఏటా ఫిబ్రవరి చివర్లో, ఎండలు ముదరకముందే, క్యాబినెట్ తెరిచి కూలర్ రేకుల మధ్య దుమ్ము ఊదేయండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే గాలి వేగానికి అదుపు లేకుండా తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. సీలింగ్ ఫ్యాన్ కింద నేల మీద పీసీ పెట్టే ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి చేయాలి. పీసీని ఒక అడుగు ఎత్తైన స్టూలు మీద పెడితే దుమ్ము బాగా తగ్గుతుంది.

బిగించాక డబ్బాలో మీ సాకెట్‌కి అక్కర్లేని బ్రాకెట్లు, స్క్రూలు మిగులుతాయి. వాటిని పారేయకండి. ఒక కవర్‌లో వేసి, కూలర్ మోడల్ పేరు రాసి దాచండి. రేపు ఇంటెల్ నుంచి ఏఎండీకో, ఏఎండీ నుంచి ఇంటెల్‌కో మారితే అదే కూలర్‌ని ఆ బ్రాకెట్‌తో కొత్త బోర్డు మీద పెట్టుకోవచ్చు. మా మేనల్లుడు ఆ కవర్‌ని బిల్లుతో పాటు క్యాబినెట్ వచ్చిన అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాడు.